పాత యంత్రము - గృహస్థుని పొదుపు

సంతలో కుండ కొనే ఇల్లాలు దానిని చేతిలోకి తీసుకొని, వేలితో తట్టి, ఆ ధ్వని విన్న తరువాత గాని డబ్బు చెల్లించదు. పలమనేరు పశువుల సంతలో ఎద్దును కొనే రైతు దాని పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి మరీ బేరానికి దిగుతాడు. వస్తువును పరీక్షించి కొనడమనే విద్యను మన పెద్దలు ఇంత శ్రద్ధగా మనకు అప్పగించినారు. కాని టెలిఫోను, లాప్‌టాపు వంటి ఎలక్ట్రానిక్ యంత్రాల దగ్గరకు వచ్చేసరికి ఆ విద్యను మనం గడప అవతలే వదలి దుకాణంలో అడుగు పెడుతున్నాము. తెర మెరిస్తే చాలునని, ధర తగ్గితే లాభమని అనుకొంటున్నాము. కొత్త వస్తువు విషయంలో ఈ ఏమరుపాటు కొంతవరకు చెల్లిపోవచ్చు. పాతదాని విషయంలో చెల్లదు.

ఒకరు వాడిన తరువాత బాగుచేసి తిరిగి అమ్మే యంత్రాలను కొని గృహస్థుడు డబ్బు ఆదా చేయగలడా అన్నది నేటి ప్రసంగ విషయం. చేయగలడు. అయితే ఆ ఆదా ధర తగ్గినందువల్ల వచ్చేది కాదు. ఆ యంత్రంలో ఇంకా ఎన్నేళ్ళ ఆయుష్షు మిగిలి ఉన్నదో తెలిసి కొన్నందువల్ల వచ్చేది.

ఈ విషయం మన ప్రాంతానికి ఎంత అవసరమైనదో ముందుగా చెప్పుకోవలె. తిరుపతి యాత్రికుల ఊరే కాదు, విద్యార్థుల ఊరు కూడ. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసినది. 1983లో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వచ్చినది. 2015లో ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు రెండూ ప్రారంభమైనవి. ఇవిగాక ఇంజనీరింగు కళాశాలలు అనేకం. ఏటేటా పల్లెల నుండి వేలాది పిల్లలు ఈ ఊరికి చదువుకు వస్తున్నారు. వారికి పుస్తకం ఎంత అవసరమో కంప్యూటరు నేడు అంత అవసరం. వారి తల్లిదండ్రులలో చాలమంది పాడినో, టమాటానో, మామిడినో నమ్ముకొన్నవారు. 2025వ సంవత్సరం వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడికి ధర పడిపోగా, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు చెల్లించవలెనని, దానిపై 4 రూపాయలు తాను కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవలసి వచ్చినది. కిలో 12 రూపాయల లెక్కన చూస్తే, 48,000 రూపాయల కొత్త లాప్‌టాపు అంటే నాలుగు టన్నుల కాయ. అది కోతకూలి, బండి బాడుగ, మందుల ఖర్చు తీయకముందటి లెక్క. అటువంటి ఏట కళాశాలలో చేరిన బిడ్డకు ఏ యంత్రం కొనవలె, ఎంతకు కొనవలె అన్నది ఆ ఇంట్లో చిన్న ప్రశ్న కాదు.

ఇక ‘పాతది’ అన్న మాటలోనే రెండు అర్థాలు కలిసి ఉన్నవి. వాటిని విడదీసి చూడవలె. ఒకరు వాడి, ఉన్నది ఉన్నట్టుగా అమ్మివేసినది సెకండుహ్యాండు సరుకు. దానినే విప్పి, శుభ్రపరచి, చెడిన భాగాన్ని మార్చి, పనిచేస్తున్నదో లేదో పరీక్షించి, కొంతకాలానికి హామీ ఇచ్చి అమ్మితే అది రీఫర్బిష్డు సరుకు. మన ఇళ్ళలోని ఇత్తడి గిన్నెను తలచుకొంటే ఈ తేడా బోధపడుతుంది. సొట్ట పడి, కళాయి పోయిన గిన్నెను అలాగే అమ్మడం ఒకటి. సొట్ట తీసి, కళాయి పూసి, వంటకు పనికివచ్చేట్లు చేసి అమ్మడం మరొకటి. రెండూ పాత గిన్నెలే. కాని రెండవదానిలోనే పులుసు కాచుకోగలము. రేడియోకు లైసెన్సు ఉండిన రోజులలో, పోస్టాఫీసులో ఏటా రుసుము చెల్లించిన కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. వాల్వు పోయినప్పుడు వారు రేడియోను పారవేయలేదు, ఆ వాల్వును మాత్రం మార్పించుకొన్నారు. దేవాలయాల విషయంలో జీర్ణోద్ధరణ అనే గొప్ప మాట మనకున్నది. పాతదానికి ప్రాణం పోయడమన్న భావం మన సంస్కృతిలోనే ఉన్నది.

చిక్కేమిటంటే, కళాయి పూసిన గిన్నె కంటికి కనిపిస్తుంది. బాగుచేసిన ఫోను కనిపించదు. గుడ్డతో తుడిచి, కొత్త తొడుగు తొడిగి, రీఫర్బిష్డు అని చీటీ అంటించినది కూడ అదే గాజు అలమరలో, అదే మెరుపుతో కూర్చుంటుంది. కనుక ఈ సరుకు ఎక్కడినుండి వస్తున్నదో కొంచెం తెలుసుకొంటే మేలు.

మన ప్రాంతం ఎలక్ట్రానిక్ యంత్రాలు పుట్టే చోటు కూడ. అప్పటి చిత్తూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లాలో చేరిన శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థ 2015లోనే షియోమీ ఫోన్ల కూర్పును చేపట్టినది. రేణిగుంట పరిసరాలలో టెలివిజన్లు తయారవుతున్నవి. కొత్తవి ఇలా మన వాకిటనే పుడుతూ ఉండగా, పాతవి రెండు వైపుల నుండి వస్తున్నవి. తూర్పున చెన్నై రిచీ వీధి, పడమట బెంగళూరు ఎస్.పి. రోడ్డు దక్షిణ దేశంలో ఎలక్ట్రానిక్ సరుకులకు పేరుపడిన అంగళ్ళు. ఆ రెండు నగరాలలోని పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల లాప్‌టాపులను మూడు నాలుగేళ్ళకొకసారి మారుస్తుంటవి. తీసివేసినవి గుత్తగా వ్యాపారుల చేతికి వచ్చి, వారి నుండి చిన్న ఊళ్ళకు చేరుతుంటవి. చిత్తూరు ఈ రెండు నగరాల నడుమ ఉండడం కొనుగోలుదారుకు ఒక సౌకర్యం: ఒక చోట ధర నచ్చకపోతే మరొక చోట విచారించవచ్చు.

తిరుపతికి మాత్రమే చెందిన మరొక మార్గం కూడ ఉన్నది. శ్రీవారికి, దేవస్థానపు ఇతర ఆలయాలలోను భక్తులు సమర్పించిన కానుకలలో మొబైల్ ఫోన్లు, చేతి గడియారాలు కూడ ఉంటవి. తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని లాట్లుగా విభజించి, రాష్ట్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా ఎలక్ట్రానిక్ వేలంలో విక్రయిస్తుంటుంది. 2024లో కూడ ఇటువంటి ప్రకటనలు వెలువడినవి. ఆ ప్రకటనలలో ఒక మాట గమనించదగినది: అవి వాడినవని, కొన్ని పాక్షికంగా దెబ్బతిన్నవని స్పష్టంగా చెబుతారు. దేవుని సొమ్మును అమ్మేటప్పుడు కూడ లోపాన్ని దాచలేదు. లాటు మొత్తం కొనగలిగినది వ్యాపారే గాని గృహస్థు కాదు. కాని ఆ వ్యాపారి దగ్గర ఒక ఫోను కొనేవాడు అదే స్పష్టతను అడిగే హక్కు గలవాడు. “ఇది ఎక్కడినుండి వచ్చినది? ఏ భాగం మార్చినారు?” అన్న రెండు ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలవాని దగ్గరే బేరం మొదలు పెట్టవలె.

ఇప్పుడు ఆయుష్షు లెక్క చూద్దాము. నేను చెప్పబోయే అంకెలు లెక్క తెలియడానికి వేసుకొన్నవే గాని బజారు ధరలు కావు. ఒక కొత్త ఫోను 20,000 రూపాయలు. తయారీదారు దానికి ఐదేళ్ళపాటు భద్రతా సవరణలు పంపుతానన్నాడు. అనగా ఏటికి 4,000 రూపాయలు. అటువంటిదే, రెండేళ్ళు వాడి, బాటరీ మార్చి బాగుచేసినది 10,500 రూపాయలకు వచ్చినది. దానికి మూడేళ్ళ సవరణలు మిగిలి ఉన్నవి. ఏటికి 3,500 రూపాయలు. మూడవది మరీ పాతది, 6,000 రూపాయలకే దొరికినది. దానికి ఒక్క ఏడాదే మిగిలి ఉన్నది. పైగా బాటరీకి 1,500 పెట్టవలె. ఏటికి 7,500 రూపాయలు! అన్నిటికంటె చవకగా కనిపించినదే అన్నిటికంటె ప్రియమైనది. రెండవదానిలోనైనా ఏటికి మిగిలేది 500 రూపాయలే. అయినా 9,500 రూపాయలు చేతిలో నిలుస్తున్నవి. వాయిదాల అప్పు తీసుకొనవలసిన ఇంటికి ఆ నిలిచిన సొమ్మే అసలైన లాభం.

భద్రతా సవరణలకు ఇంత విలువ ఎందుకని కొందరు అడగవచ్చు. ఫోనులోని లోపలి ఏర్పాటులో దొంగలు దూరగలిగే సందులు ఎప్పటికప్పుడు బయటపడుతుంటవి. వాటిని పూడ్చడానికి తయారీదారు పంపేవే ఈ సవరణలు. ఒకప్పుడు ఫోను మాట్లాడుకోవడానికి మాత్రమే. నేడు అది బ్యాంకు పాసుపుస్తకం, డబ్బు సంచి కూడ అయినది. సవరణలు ఆగిపోయిన ఫోనులో డబ్బు వ్యవహారం నడపడమంటే గడియ ఊడిన తలుపు వెనుక నగలపెట్టె ఉంచడం. కనుక సెట్టింగులలో చివరి భద్రతా సవరణ ఏ తేదీన వచ్చినదో దుకాణంలోనే చూడవలె. ఆ నమూనాకు ఎప్పటివరకు వస్తుందో తయారీదారు ప్రకటనలో తెలుసుకోవలె.

ఆయుష్షులో రెండవ భాగం బాటరీ. లిథియం బాటరీ ఎంత మంచిదైనా వాడినకొద్దీ తరిగిపోయే వస్తువు. 500 సార్లు పూర్తిగా చార్జి చేసిన తరువాత సుమారు 80 శాతం శక్తి మిగలవలెనన్నది చాలకాలం తయారీదారులు పెట్టుకొన్న కొలత. కొన్ని కొత్త నమూనాలలో ఇది 800 నుండి 1,000 వరకు పెరిగినది. రోజుకొకసారి చార్జి చేసేవారికి 500 అంటే రెండేళ్ళు కూడ కాదు. కనుక రెండేళ్ళు వాడిన ఫోనులో బాటరీ మార్చినారా లేదా అన్నది మొదటి ప్రశ్న. వెనుక మూత కొంచెం పైకి లేచినట్టు గాని, తెర అంచు విడినట్టు గాని కనిపిస్తే బాటరీ ఉబ్బినదని గుర్తు. దానిని ధర తగ్గించినా కొనరాదు. అది నిప్పుతో చెలగాటం.

ఇక దాని పుట్టుపూర్వోత్తరాలు. ప్రతి ఫోనుకు ఐ.ఎం.ఇ.ఐ. అని పదిహేను అంకెల సంఖ్య ఉంటుంది. రెండు సిమ్ములు పట్టే ఫోనుకు ఇటువంటివి రెండుంటవి. స్టార్, హ్యాష్, సున్న, ఆరు, హ్యాష్ అని నొక్కితే ఆ సంఖ్య తెరపై కనిపిస్తుంది. కె.వై.ఎం. అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు, కొంచెం ఎడం విడిచి ఆ పదిహేను అంకెలు వ్రాసి 14422కు సందేశం పంపితే దాని వివరం వస్తుంది. టెలికాం శాఖ 2023 మే నెలలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లోను ఇదే పరీక్ష చేయవచ్చు. ఆ సంఖ్య నిషేధంలో ఉన్నదని గాని, నకిలీ అని గాని జవాబు వస్తే ఆ ఫోనును అక్కడే పెట్టి వెనుదిరగవలె. తిరుపతి, చిత్తూరు జిల్లాల పోలీసులు పోయిన ఫోన్ల జాడ తీసి సొంతదారులకు అప్పగించిన సందర్భాలు ఇటీవలి సంవత్సరాలలో అనేకం. ఒకరికి పోయిన ఫోను దొరికినదంటే, దానిని తెలియక కొన్నవానికి ఫోనూ పోయినది, డబ్బూ పోయినది అని అర్థం. తెలిసి కొన్నవానికి భారతీయ న్యాయ సంహిత 317వ విభాగం ప్రకారం శిక్ష కూడ ఉన్నది. ఆ సంఖ్యను దిద్దడాన్ని 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం నేరమన్నది.

సంఖ్య సరిపోయినా మరొక గండం ఉన్నది. మొదటి యజమాని ఖాతా ఫోనులో తొలగకుండా ఉంటే, కొన్నవాడు దానిని శుద్ధి చేసి మొదలుపెట్టగానే పాత సంకేతపదం అడిగి బిగుసుకుపోతుంది. కనుక దుకాణదారు ఎదుటనే ఫోనును పూర్తిగా చెరిపించి, మన ఖాతాతో తెరిపించి, మన సిమ్ము వేసి ఒక పిలుపు పిలిచి, ఒక ఫోటో తీసి, చార్జరు తగిలించి చూడవలె. పది నిమిషాల పని ఇది. ఎద్దును నాలుగడుగులు నడిపించడం వంటిది. ఇంటర్నెట్టులో కొనేవారికి ఈ అవకాశం లేదు. మనవారు నీళ్ళలో ఉన్న గేదెను బేరమాడినట్టు అంటారే, అదే అది. అటువంటివారు సరుకును తిరిగి పంపడానికి ఎన్ని రోజుల గడువున్నదో ముందు చదివి, వచ్చిన రోజుననే ఈ పరీక్షలన్నీ ముగించవలె.

లాప్‌టాపు విషయంలో ఒక తేదీని జ్ఞాపకం పెట్టుకోవలె. విండోస్ 10 ఏర్పాటుకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగించినది. దాని తరువాతిదైన విండోస్ 11 చాల పాత యంత్రాలపై అధికారికంగా ఎక్కదు. ఇంటెల్ కోర్ ప్రాసెసరులలో సుమారుగా 2017లో వచ్చిన ఎనిమిదవ తరం నుండే దానికి అర్హత. అంతకంటె పాతవి అంత చవకగా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. విద్యార్థి కోసం కొనేవారు ఎనిమిదవ తరానికి తగ్గకుండ, 8 జి.బి. మెమరీకి తగ్గకుండ, తిరిగే పాత హార్డుడిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. ఉన్నదానిని చూచుకొంటే మంచిది. ఆ ఎస్.ఎస్.డి. ఒక్కటే పాత యంత్రం వేగాన్ని గుర్తించగలిగినంతగా పెంచుతుంది. అంతకంటె పాతది తక్కువ ధరకు వచ్చినప్పుడు, ఉబుంటు వంటి ఉచిత లినక్స్ ఏర్పాటు వేసుకొని, వ్రాతపనికి, ప్రోగ్రాములు నేర్చుకోవడానికి వాడుకోవచ్చు. కాని కళాశాలలో అడిగే సాఫ్ట్‌వేరు దానిపై నడుస్తుందో లేదో అధ్యాపకులను ముందు అడగవలె. మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూడవలె. మూత మూసి తెరచి కీళ్ళు చూడవలె. కంపెనీ నుండి వచ్చినదైతే, ఆ కంపెనీ తాళం ఇంకా లోపల మిగిలి ఉన్నదేమో తప్పక అడగవలె.

యంత్రం తరువాత అమ్మేవాని మాట. ఏ దుకాణం మంచిదో రేడియోలో చెప్పే ఆచారం లేదు గాని, మంచి దుకాణానికి గుర్తులు చెప్పవచ్చు. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యతో, లాప్‌టాపైతే సీరియల్ సంఖ్యతో, పక్కా బిల్లు ఇస్తాడు. ‘బాగుచేసినది’ అని బిల్లుపై వ్రాస్తాడు. ఏ భాగానికి ఎన్ని నెలల హామీయో వ్రాతపూర్వకంగా చెబుతాడు. “బిల్లు వద్దంటే ఐదువందలు తగ్గిస్తాను” అన్నవాడు తగ్గించేది ధరను కాదు, మన హక్కును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పాత, బాగుచేసిన వస్తువును కొత్తదని నమ్మించడాన్ని, బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడ అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొన్నది. మోసపోయినవారు 1915 నంబరుకు ఫిర్యాదు చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఏదైనా చేతిలో బిల్లు ఉన్నప్పుడే ఆ దారి సుగమం. యంత్రాలను వృత్తిగా బాగుచేసే సంస్థలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదు కావలెనని 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఇ-వ్యర్థాల నిబంధనలు చెబుతున్నవి. పెద్ద మొత్తాలలో కొనే పాఠశాలలు, కార్యాలయాలు ఈ నమోదు గురించి అడగడం ఉచితం.

అన్నీ పాతవే కొనరాదు కూడ. చార్జరు, పవర్‌బ్యాంకు వంటివి భారత ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు చూచి కొత్తవే కొనవలె; అక్కడ మిగిలేది తక్కువ, ప్రమాదం ఎక్కువ. రక్తపుపోటు, చక్కెర చూచే పరికరాలలో తప్పు అంకె ప్రాణాంతకం కావచ్చు. పాత రిఫ్రిజరేటరు చవకగా వచ్చినా, కరెంటు బిల్లులో ఆ చవకను నెలనెలా తినివేయవచ్చు. బాగుచేసినవాటిలో నిశ్చింతగా కొనదగినవి డెస్కుటాపు కంప్యూటరు, దాని తెర, కంపెనీలు వాడి తీసివేసిన లాప్‌టాపులు. వీటిలో తరిగే భాగాలు తక్కువ, మార్చుకొనే వీలు ఎక్కువ.

మన పాత ఫోనును అమ్మేటప్పుడు, ఇచ్చేటప్పుడు, చివరకు హుండీలో సమర్పించేటప్పుడు కూడ ఒక ధర్మం పాటించవలె. సిమ్ము, మెమరీ కార్డు తీసివేసి, మన ఖాతాను తొలగించి, లోపలిదంతా చెరిపి మరీ చేతులు మార్చవలె. ఆడపిల్లల ఫోటోలు, బ్యాంకు వివరాలు ఎవరి చేతిలో పడతవో మనకు తెలియదు. ఖాతా తొలగించకపోతే, తరువాత కొన్న పేదవానికి అది పనికిరాని ఇటుక అవుతుంది.

చివరగా, కొనడానికి బయలుదేరే ముందు ఇంటి అలమర ఒకసారి తెరచి చూడడం మంచిది. బాటరీ తగ్గినదని పక్కన పెట్టిన ఫోను, నెమ్మదించినదని మూసిపెట్టిన కంప్యూటరు చాల ఇళ్ళలో ఉంటవి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ ఉద్దేశమే, మరమ్మతుకు కావలసిన సమాచారం, విడిభాగాల వివరం ప్రజలకు అందడం. ఒక బాటరీకి, ఒక ఎస్.ఎస్.డి.కి పెట్టే ఖర్చుతో మనదే మరి రెండేళ్ళు నడుస్తుందేమో విచారించవలె. దాని పుట్టుక మనకు తెలుసు, దాని జబ్బు మనకు తెలుసు, దానిని ఎవరి వద్దనుండి తెచ్చినామో తెలుసు. గృహస్థుకు దొరకగల బాగుచేసిన యంత్రాలలో అంతటి నమ్మకమైనది మరొకటి ఉండదు.